కాల్చని ఇటుక

పై జానెడు మన్ను గడ్డిది, చెదలది, దాన్ని ముట్టం.
కింద ఎర్రగా తగిలేది మనది.
చంపావతి దాటాక జీడితోట పక్క మెట్టలో
తవిటమ్మ గునపం ఆపి, వాసన చూసి, తలూపుతుంది.

పచ్చడి సీసాలో సగం మట్టి, సగం నీళ్లు.
ఊపి కిటికీలో పెడితే
తెల్లారేసరికి ఇసుక అడుగున, ఒండ్రు నడుమ, బంక పైన,
కోర్టుకెక్కకుండా ఎవరి వాటాలో వాళ్లు.

ముద్ద చేసి రొమ్ము ఎత్తు నుంచి వదలాలి.
చతికిలబడితే నీళ్లెక్కువ, పొడైతే తక్కువ.
నాలుగు ముక్కలయితే
"అదీ లెక్క" అంటుంది.
ఇరవై గంపల మట్టికి ఒక గంప సిమెంటు, ఆపైన మిషను పిడి.
ఇద్దరం వేలాడతాం.
ఊరంతా నవ్విన నా ఒళ్లు
ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది.

పెద్దపల్లి బట్టీల్లో పదకొండేళ్లు.
మంట మీద నడవడానికి కాళ్లకి చెక్కలు కట్టుకునేవాళ్లం.
పొగ తెల్లబడితే ఇటుక పండినట్టు.
నా ఎడమ మోచేతి మీద
ఒక ఇటుక మేర చర్మం ఇప్పటికీ మెరుస్తుంది.

ఇక్కడ నిప్పు లేదు.
గోనెపట్టాల కింద, పూటపూటా తడుపుతూ
ఇరవయ్యొక్క రోజులు.
"బాలింతరాలికున్నన్నాళ్లే" అంటుంది తవిటమ్మ.

మేస్త్రి కూర్మారావు వచ్చి నవ్వాడు.
"పచ్చి ఇటికా? ఒక్క వానకి పాయసం."
రాత్రంతా బకెట్టు నీళ్లలో ముంచి ఉంచాడు.
పొద్దున్నే తీసి, మేకుతో గీకి, గోళ్లు చూసుకుని
టీ అడిగాడు.
టీ తాగాక, వెయ్యి ఎంతకిస్తారన్నాడు.

నిన్న గురువులుగాడు
అప్పుడే లేచిన దిమ్మని మూల పట్టి ఎత్తాడు.
మూల ఊడి వాడి చేతిలోనే ఉంది.
వాడు దిమ్మని చూడలేదు, నా ముఖం చూశాడు.
నా నోట్లో తిట్టు తయారుగా ఉంది,
నాది కాదు, బట్టీ సేటుది,
విరిగిన ప్రతిదానికీ కూలిలో కోసి మరీ తిట్టేవాడు.
అక్కడ విరిగినవి గుట్టలు పడుండేవి.
ఎన్ని వానలు పడ్డా కరగవు,
కాలినది మళ్లీ మన్ను కాదు.

తవిటమ్మ అప్పటికే ఆ దిమ్మని
మోకాటి మీద పెట్టి చిదిపేసింది.
"గంట కాలేదు గదా. బేగి జల్లెడ తేరా గుంటడా,
మట్టికేటవుతాది."
జల్లెడ కింద మళ్లీ ఎర్రటి కుప్ప.
ఏది ఏ దిమ్మదో చెప్పడానికి లేదు.

వాడు పిడి మీదికి ఎగిరాడు, నేనూ.
మూత తీస్తే తడి తడిగా, పదునైన అంచులతో లేచింది.
వాడి చేతులు గాలిలో ఆగిపోయాయి.

"అంచు కాదురా, అడుగు పట్టుకో" అన్నాను.
అంతే అన్నాను.