ఐసు తగలకుండా

ఏడో నెలలో రిపోర్టు చేతికిస్తే
దేముడమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని
"ఏటుంది ఇందులో?" అంది.
నీ రక్తంలో హెపటైటిస్-బి ఉందన్నాను.
నీకేం తెలీదు, కాన్పులో బిడ్డకి పాకుతుందన్నాను.
"కామెర్లకి పసరు పోయిత్తే సరి"
అంది వాళ్లత్త, కూర్చోకుండానే.

రోజుకొక మాత్ర. రాత్రి అన్నం తిన్నాక.
డాక్టరమ్మ ఆపమనేదాకా.
చేపలమ్మే మనిషి కదా,
ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుందట
బాకీ రాసుకున్నట్టు,
మాత్రకో గీత.

మే నెల. వేట ఆపిన రోజులు.
హార్బరులో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
నొప్పులతో రాత్రి పదకొండుకి
ఘోషాసుపత్రి మెట్లెక్కిందామె.
టీకా మా దగ్గరుంది.
రెండో సూది, ఇమ్యునోగ్లోబులిన్,
కేజీహెచ్ నించి తెప్పించుకోవాలి.
పుట్టిన పన్నెండు గంటల్లో తొడలోకి వెళ్లాలి.

మొగుడు ఎల్లాజీ థర్మోకోల్ పెట్టె నిండా
ఐసు దంచి తెచ్చాడు, కవ్వళ్ల వాసనతో సహా.
"ఐసు తగలకూడదయ్యా! గడ్డకడితే మందు పాడైపోద్ది!"
నొప్పికీ నొప్పికీ మధ్య ఆమె నవ్వింది:
"సేపకైతే ఐసు మీద పడాల.
దీనికి పక్కనుండాల గానీ తగలకూడదా?
సేప కన్నా పెంకిది.
ఒరే, తువ్వాలు మడతెట్టి మజ్జిని ఎయ్యి."

మూడూ నలభైకి ఆడపిల్ల.
నాలుగూ పదికి రెండు తొడలకీ రెండు సూదులు.
వార్డంతా లేచేలా ఏడ్చింది.
టైము రాసి, సంతకం పెట్టి తిరిగి చూస్తే

తల్లికీ బిడ్డకీ మధ్య
మడతపెట్టిన తువ్వాలు.
ఆమె రెండు చేతులూ
తన వీపు కిందికి తోసుకుని పడుకుంది.
రొమ్ము కారి జాకెట్టు తడిసిపోతోంది.

నాకు అర్థమయ్యేసరికి కాస్త టైము పట్టింది.

"ఆ మాట సీసాకే," అన్నాను, "నీక్కాదు."
తువ్వాలు నేనే లాగేశాను.
ఇంకా నమ్మకం లేదు ఆ కళ్లలో.
పాలివ్వచ్చా? ఇవ్వచ్చు.
ముద్దెట్టుకోవచ్చా? ఆ.
ఒక వేలు బయటికొచ్చింది ముందు,
గాలమేసినట్టు,
పాప గుప్పిట పట్టేసింది.

ఆరో వారం సూదికి వచ్చింది, పదో వారానికీ వచ్చింది.
పద్నాలుగో వారం తప్పింది. వానలంది. తిట్టాను.
పద్దెనిమిదికి తెచ్చింది, ఎండుచేపల సంచితో పాటు.
పుచ్చుకోలేదని అలిగింది కూడా.

రక్తపరీక్ష ఫిబ్రవరిలో.
ఇంకా రెండు నెలలుంది.
తేదీ కార్డు మీద నేను రాశాను,
కింద ఆమె ఒక బొగ్గు గీత పెట్టింది.
ఇది బాకీయో, జమో
ఇద్దరం అడుగుకోలేదు.