మూడు పడకగదులు, కనీసం

పొద్దున ఆరూ నలభైకి
ఫోను ఒకసారి ఒళ్ళు విరుచుకుంటుంది.
"ప్రియమైన లాక్లన్, ఇష్‌బెల్,
మీ వెతుకులాటకు సరిపోయే ఇల్లు కొత్తగా ఒకటి."
మేం విడిపోయిన సంగతి
దానికి ఎవరూ చెప్పలేదు.

డండీ ఆసుపత్రిలో నేను ఎక్స్‌రేలు తీస్తాను.
పగలంతా మనుషుల లోపలి గదులు,
రాత్రయితే ఇళ్ళ లోపలి ఎముకలు.
ఊపిరి బిగబట్టండి అంటాను వాళ్ళతో.
ఇక్కడ బిగబట్టేది నేనే.

నాలుగేళ్ళ కిందట, అద్దె ఇంటి వంటబల్ల దగ్గర
లాక్లన్ వేలితో మ్యాపు మీద గీత గీశాడు.
టే నది ఒడ్డు పట్టుకుని, స్టేషను దాటి,
మా అమ్మ ఉండే వీధి మొదట్లో
బెదిరిన గుర్రంలా పక్కకు తిరిగింది గీత.
నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నాను.
ఇప్పటికీ ఆ వంపు అక్కడే ఉంది.
అమ్మ పోయి ఏడాదిన్నర.
ఆ వీధిలో అమ్మకానికొచ్చిన ఏ ఇల్లూ
నా కంటబడలేదు.

ధర గీత మీద పూసను ఎంత లాగినా
బ్యాంకు చెప్పిన చోటికొచ్చి ఆగేది.
తోట: ఉండాలి. మెట్లు: పరవాలేదు.
పడకగదులు: కనీసం మూడు.
మూడోది ఎవరికని
ఆ గడి అడగలేదు.
ఊళ్ళో అందరూ అడిగిన ఆ రోజుల్లో
మాకు అదొక్కటే దగ్గరి చుట్టం.

లాక్లన్‌ది పైకప్పుల పని.
ఫొటో పెద్దది చేసి పలకలు లెక్కపెట్టేవాడు,
కింద రాసిపెట్టేవాడు:
"ఉత్తరం మూల నానుతోంది. వద్దు."
"చిమ్నీ పక్కన సీసం లేచింది. వద్దు."
మా మీద కారుతున్నది ఎక్కడో
ఏ ఫొటోలోనూ పడలేదు.

వెడల్పు కటకంలో
అగ్గిపెట్టెంత గది కూడా పెళ్ళిపందిరి.
ఒక స్నానాలగది అద్దంలో ఫొటో తీసినవాడి మోచెయ్యి.
ఒక మెట్టు మీద ఎవరిదో పిల్లి, తోక వరకే.
"ఇంతకు పైన ఎంతిస్తారో చెప్పండి" అని రాసుంటుంది.
ఈ దేశంలో ఇల్లు తన ధర చెప్పదు,
గీటురాయిలా కూర్చుని
మన ధర చూస్తుంది.

ఇద్దరికీ ఒకటే ఖాతా.
పాస్‌వర్డు మేం పెంచిన కుక్క పేరు.
కుక్క అతని దగ్గర,
పాస్‌వర్డు ఇద్దరి దగ్గరా.

పోయిన మంగళవారం ఆరూ నలభైకి
ఒక్కసారిగా నలభై ఒక్క ఇళ్ళు వచ్చి పడ్డాయి.
కంగారుగా తెరిచాను.
పడకగదులు: కనీసం ఒకటి.
నేను ముట్టుకోలేదు.
బయట సముద్రపు మంచు దిగి
వంతెన సగం దాకే ఉంది.
లేని సగం మీద రైలు పోతున్న చప్పుడు.

తప్పు పట్టడానికేముంది,
ఒక్కడికి ఒక్క గది చాలు.
తోట మాత్రం తీసెయ్యలేదు, కుక్క కోసం కాబోలు.
అయినా నా వేలు ఊరుకోలేదు.
ఒకటిని రెండు చేసింది. రెండును మూడు.
నలభై ఒక్క ఇళ్ళూ
రాయి పడ్డ పిచ్చుకల్లా లేచిపోయాయి.

"ఏమీ దొరకలేదు.
హద్దులు కొంచెం పెంచి చూస్తారా?"

ఎంత మర్యాదగా అడుగుతుందో!
కౌన్సెలింగులో ఆవిడా ఇదే అడిగింది,
గంటకు అరవై పౌన్లు పుచ్చుకుని.

మూడును మళ్ళీ ఒకటి చేసి పెట్టాను.
అతని వెతుకులాట అతనిది.
నాకోసం కొత్త ఖాతా తెరిచాను,
పాస్‌వర్డుకి ఏ పేరూ తోచక చాలాసేపు కూర్చున్నాను.
తర్వాత మ్యాపు మీద వేలు పెడితే
అది నది వైపు పోలేదు,
తిన్నగా అమ్మ వీధిలోంచి నడిచింది.

అక్కడ ఒకటే ఇల్లు.
రెండో అంతస్తు. తోట లేదు.
వంటింటి కిటికీలో
గరిటెడు నది.

పడకగదులెన్నో
ఇంకా చూడలేదు.