నాలుగో ఫోటో

రేపటితోని నాకు ఇరవై ఐదు నిండుతయి.
అందుకే ఇయ్యాల మధ్యాహ్నం షెడ్డుల పర్మిషన్ అడిగి
నూనె చేతులు సరిగ్గ కడుక్కోకనే వచ్చిండు నాయిన.
కాజీపేట రైల్వే దవఖాన, మందుల కిటికీ, పొడుగు లైను.
ఆయన జేబుల కార్డు.
కార్డుల మేం నలుగురం.
నాలుగో ఫోటో నాది: మీసం రాని మొఖం,
తొమ్మిదో తరగతి యూనిఫారం కాలరు,
ఆయాసం దాచుకొని నవ్వుతున్న.

ఇన్నేండ్లు ఈ ఫోటో బతికింది బోనఫైడ్ల మీద.
ఏటా కాలేజీ ఆఫీసు ముందట నిలబడి
‘ఇతను చదువుచున్నాడు’ అని ఒక కాయితం తెచ్చేటోణ్ణి.
డిగ్రీ. పీజీ. పీజీ తర్వాత ఇంకో పీజీ.
నిజం చెప్పాల్నంటే ఆ రెండో పీజీ చదివింది నేను కాదు,
నా ఊపిరితిత్తులు.

ఎస్తేరమ్మ సిస్టర్ కంప్యూటర్ల నా పుట్టినతేది చూసింది,
కండ్లద్దాలు పైకి జరిపి నన్ను చూసింది.
చిన్నప్పుడు నెబులైజర్ కాడ కూసోబెట్టి
“ఇంజన్ తీర్గ పొగ ఇడువు బిడ్డా” అనేది ఈమెనే.
“రేపొస్తే నేనియ్యలేను, కంప్యూటరే ఒప్పుకోదు.”
రాసింది ఒక్క ఇన్‌హేలర్.
సంచిల పడ్డయి రెండు.
నాయిన చూసిండు గని నోరు మెదపలే.

సాయంత్రాలు నా కొలువు కేయూ క్రాస్ రోడ్డు కాడ, జిరాక్సు దుకాణం.
అందరి ఆధార్లు, అందరి దవఖాన బిల్లులు
నా చేతుల మీంచే పోతయి, వేడివేడిగ.
పోయిన నెల సేటును అడిగిన,
అన్నా, ఇన్సూరెన్సేమన్న చేపిస్తవా?
నవ్విండు. “ఈడ ఇన్సూరెన్సున్నది గా మిషిన్‌కే తమ్మీ,
అది కరాబైతే దుకాణం బందైతది.”
తప్పేం లేదు. ఉన్నదే చెప్పిండు.

నక్కలగుట్టల గాజు తలుపుల ఆఫీసు,
ఏసీ గాలికే నాకు దగ్గు.
ఏజెంటు మాడిశెట్టి గోపి మర్యాదగల్లోడు, చాయ తెప్పిచ్చిండు.
ఫారంల ఒక గడి కాడ నా పెన్ను ఆగింది:
ముందు నుంచి ఉన్న జబ్బులేమైనా?
“ఇడిసిపెట్టు తమ్మీ, ఎవరు చూడొచ్చిండ్రు.
రాస్తే మూడేండ్లు ఆగాలె.”
ఏం ఆగాలె అన్నా, ఊపిరా?
అడుగుదామనుకున్న. అడగలె.

అప్పటిదాంక గోడ మీది క్యాలెండర్ చూసుకుంట కూసున్నడు నాయిన,
ముప్పై ఏండ్లు ఇంజన్ కింద పండి లేచినోడు.
మెల్లగ అన్నడు,
“పగులును గ్రీజుతోని కప్పి బండిని పంపద్దురా.
నడి తొవ్వల ఆగుతది.”
రాసిన. ఉబ్బసం. ఆరేండ్ల వయసు నుంచి.
కిస్తు పెరిగింది, గోపి మొఖం తగ్గింది.

ఆఖరి పేజీల నామినీ.
రాజమొగిలి, తండ్రి, యాభై ఏడు.
ఆయన కార్డుల నేను ఆధారపడినోణ్ణి,
నా కాయితంల ఆయన
నేను పోతే పైసలు తీసుకునేటోడు.
“గిదేం రాతరా” అని ఫారం బోర్ల పెట్టిండు,
మళ్ల తనే తిప్పి నా ముందటికి నూకిండు.

ఎల్లుండి కార్డు వాపస్ ఇయ్యాలె.
ముగ్గురితోని కొత్తది ఇస్తరట.
నిన్ననే ఒక జిరాక్సు తీసి పెట్టుకున్న, రంగులది.
సేటు పది రూపాయలు కట్ చేసిండు.

రాత్రి పన్నెండు దాటింది.
డీజిల్ కాలనీ పక్కకెల్లి గూడ్సు పోతున్నది, పొడుగ్గ.
ఛాతీల సన్నగ పిల్లికూతలు మొదలైనయి.
కొత్త ఇన్‌హేలర్ ఎనుక చిన్న కిటికీల అంకె:
రెండు వందలు.
సీలు తెంపాల్నా, ఇంకొంచెంసేపు ఓర్వాల్నా?
అవతలి అర్రల నాయిన మేల్కొనే ఉన్నడు,
గూడ్సు డబ్బాలు లెక్కబెడుతుండో,
నా ఊపిర్లు లెక్కబెడుతుండో.
“పీల్చుకోరాదురా” అన్నడు గోడవతలికెల్లి.

నూట తొంభై తొమ్మిది.