శనగ్గింజంత

చీమకుర్తిలో రాయి మాట వింటుంది.
పద్నాలుగేళ్లుగా పాలిషింగ్ మిషన్ మీద నా చెయ్యి.
గరుకు బిళ్ల, నున్న బిళ్ల, ఇంకా నున్న బిళ్ల,
నీళ్లు పోస్తా రుద్దుకుంటా పోతే
ఎంత మొండి రాయైనా
సాయంత్రానికి నా మొహం నాకు చూపించిద్ది.

అందుకే మా కెజియా నుదుటి మీద
మొదటి నాలుగు మొటిమలు లేచినప్పుడు
నాకు తోచింది ఒకటే, రుద్దాలని.
శనగపిండి పెట్టి రుద్దాను.
పదకొండేళ్ల పిల్ల, ఆరో క్లాసు,
కళ్లు గట్టిగా మూసుకుని
"అయిపోయిందా నాన్నా" అంది.
అయిపోలా. నాలుగు కాస్తా పది అయినయ్.

రూతమ్మత్త వేపాకు నూరి పంపింది.
ఎదురింటామె టూత్‌పేస్టు పుయ్యమంది.
కొళాయి కాడ ఒకావిడ దాని వంక అదోలా చూసి
"పిల్ల అప్పుడే..." అని ఆపేసింది.
ఆపేసిన ఆ మాటేందో
రాత్రి వాళ్లమ్మని అడిగితే
వాళ్లమ్మ లైటు ఆర్పేసింది.

మందుల షాపు కుర్రోడిచ్చిన ట్యూబు
వారం రోజులు మాయ చేసింది.
ఎనిమిదో రోజు మొహమంతా ఎర్రగా కందింది.
అప్పట్నుంచి మా ఇంట్లో అద్దం మీద తువ్వాలు.
బడికి మూతికి కర్చీఫు కట్టుకుని పోయింది.
క్వారీ దుమ్ముకి అందరూ కట్టుకునే ఊరు గనక
ఎందుకని ఎవరూ అడగలా.

టిప్పర్ల వెనకాల బస్సులో ఒంగోలు పోయాం.
పెద్దాసుపత్రి డాక్టరమ్మ నన్ను వదిలేసి
పిల్లనే అడిగింది:
"నొప్పిగా ఉందా? బళ్లో ఎవరన్నా ఏమన్నా అన్నారా?"
మొదటిదానికి తల అడ్డంగా ఊపి
రెండోదానికి నేల వంక చూసి
నేనెప్పుడూ వినని పేరొకటి చెప్పింది నా కూతురు.

అప్పుడు నా చేతులు చూసింది డాక్టరమ్మ.
"రుద్దింది మీరేనా?"
గిల్లొద్దంట. రుద్దొద్దంట.
రెండు పూటలా మామూలు సబ్బు, ఉత్త వేళ్లతో.
తలనూనె నుదుటికి కారనియ్యొద్దంట.
రాత్రికి మందు శనగ్గింజంత, మొహమంతటికీ అంతే.
మొదట్లో పొట్టు లేచిద్దంట, భయపడొద్దంట.
మూడు నెలలు పట్టిద్దంట.

మూడు నెలలా!
మూడు నెలల్లో నేను
ఓడకెత్తేంత రాయి నున్నగా చేస్తాను.
మద్దిపాడు చేలల్లో మా అమ్మ కూలికి శనగ పీకేది.
మాకు బస్తాల లెక్క తెలుసు గానీ
ఒక్క గింజ లెక్క ఎవరికి తెలుసు?

రోజూ రాత్రి మూడుసార్లు చేతులు కడుక్కుంటా,
గోళ్ల సందుల్లో రాతి బురద పోయిందాకా.
చూపుడు వేలి కొసన గింజంత.
నుదుటికో చుక్క, బుగ్గకో చుక్క, గడ్డానికో చుక్క.
తాకీ తాకనట్టు.
నా వేలికి ఇంత తేలిక వచ్చని
నలభై ఏళ్లొచ్చినా నాకే తెలవలా.

మూడో వారం పొట్టు రాలుతుంటే
"మన గెలాక్సీ రాయికి అంత రేటెందుకో తెలుసా అమ్మీ?
బంగారు చుక్కలుండబట్టే" అన్నాను.
రెండు రోజులు కూడబలుక్కున్న మాట అది.
పిల్ల నా వంక చూసి
"నేను రాయిని కాదు నాన్నా" అంది.
ఇంకేం మాట్లాడను? ట్యూబుకి మూత బిగించాను.

నీలం దిండు గలీబు
మందు తగిలిన చోటల్లా తెల్లగా వెలిసింది.
వాళ్లమ్మ నన్ను తిట్టింది. కొత్తది మాత్రం కొనలా.

నిన్న డ్యూటీ దిగి తొందరగా వచ్చాను.
అంచు విరిగిందని మేస్త్రీ వదిలేస్తే తెచ్చుకున్న ముక్కరాయి
గుమ్మం పక్కన ఆనించి ఉంటది.
దాని ముందు గొంతుక్కూర్చుని జడేసుకుంటంది.
లోపల అద్దం మీద తువ్వాలు అట్టనే ఉంది.
నల్లరాతిలో ఎరుపు కనపడదు గదా.
గేటు కాడే నిలబడ్డా,
రిబ్బను ముడి పడిందాకా.

తొమ్మిదో వారం. గడ్డం మీద కొత్తదొకటి.
"ఇదొకటి" అంది,
పక్కింటి పిల్లి మళ్లీ వచ్చినట్టు.
మొహం ముందుకు చాపింది.
చేతులు కడుక్కోటానికి లేచాను.