గడియ

మా అత్త తిరపతమ్మ పంచాంగం చూపించుకొచ్చింది.
గురువారం పొద్దున పదిన్నరకు మంచి గడియంట,
ఆ గడియకు పిల్ల బళ్ళో కాలు పెడితే
చదువు ఆగదంట.

నాది ఆరో తరగతిలో ఆగింది.
ఏ గడియకు చేర్చారో తెలీదు,
ఏ గడియ లేక ఆగిందో తెలుసు.

మార్కాపురంలో జూనంటే
నీళ్ళ ట్యాంకరూ స్కూలు వ్యానూ ఒకే సందులో
ఎదురుబొదురు నిలబడి హారన్లు కొట్టుకోవటం.
పలకల ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చునే వెంకటరత్నం
చట్రాలకు మేకులు కొడతా కొడతా అంది:
"వ్యానెక్కితేనే చదువు. నడిచిపోతే అది కూలి చదువు."
నోట్లో మేకులు పెట్టుకుని నేనేమంటాను.
రోజుకు మున్నూరు పలకలు బిగిస్తాం ఇద్దరం,
ఏ ఊరి పిలకాయలకు పోతాయో ఏమో.
వ్యాను బళ్ళో మాత్రం పలక లేదు.

ఆ బడి మేడమ్మ మంచిదే,
ఫ్యాను కింద కూర్చోబెట్టింది.
నా పళ్ళ మీది నీళ్ళ మచ్చలు చూసి
మాట తెలుగులోకి మార్చింది.
జోషితను రంగులడిగింది.
ఎరుపుకు రెడ్డంది, ఆకుపచ్చకు గ్రీనంది,
నలుపుకు "పలక" అంది.
మేడమ్మ నవ్వి ఏదో రాసుకుంది.
మా ఆయన చెన్నకేశవులు, మెడదాకా గుండీ పెట్టుకుని
"ఫీజు రెండు కంతులుగా..." అంటా ఉంటే
నేనడిగాను:
"బాత్రూం చూపిస్తారా అమ్మా, ఆడపిలకాయలది?"

ఆయన నా కాలు తొక్కాడు.
ఆయా నన్ను వెనక్కి తీసుకుపోయింది.
తెల్ల టైల్సు, ఫినాయిలు వాసన,
గోడ మీద సీతాకోకచిలుక బొమ్మ.
తలుపు మూసి చూశాను.
గడియ ఉండాల్సిన చోట రెండు చిల్లులు.
"లోపలేసుకుని ఇరుక్కుంటన్నారని పీకేశామమ్మా,
చిన్నపిలకాయలు గదా."
అదీ నిజమే.
ఆ నిజం నా దగ్గర పనిచెయ్యలేదు.

మా బళ్ళో ఒకతి లోపలికి పోతే ఒకతి కాపలా.
నాకు కాపలా ఉండే సుబ్బులు
జ్వరమొచ్చి రాని రోజు
ఒంటిచేత్తో తలుపు లాగి పట్టుకున్నాను.
బయట్నుంచి నలుగురు మొగపిలకాయలు లాగారు.
వాళ్ళకది ఆట.
ఇంటికొచ్చి కడుపునొప్పన్నాను.
తెల్లారీ అదే అన్నాను.
వారం అన్నాక మా నాయన
నన్ను పలకరాతి గనికి తీసుకుపోయాడు.
తిట్టలేదు, కొట్టలేదు.
అంత తేలిగ్గా అయిపోయింది.

మా వీధి చివరి సర్కారు బళ్ళో
సలోమి టీచరొక్కతే, మూడు తరగతులు ఒకే గదిలో.
"వచ్చే ఏడు నన్నుంచుతారో, బడినే ఉంచుతారో
చెప్పలేనమ్మా" అంది.
ఆ వారంలో అంత ఉన్నదున్నట్టు మాట్లాడిన మనిషి
ఇంకొకరు దొరకలేదు.
గోడలకు కొత్త రంగు. కుళాయి తిప్పితే గాలి.
డ్రమ్ములో నీళ్ళు, చెంబుకు గొలుసు.
గడియ ఉంది,
తుప్పు పట్టి సగం దాకా జరిగి ఆగింది.
జోషిత రెండు చేతులా తోసింది.
నా వంక చూసింది.

మా ఆయన రెండు రోజులు మాట్లాడలా.
మూడోరోజు అన్నం ముందు కూర్చుని
"గడియ కోసం బడి మారుస్తారా ఎవరన్నా" అన్నాడు.
అప్పుడు చెప్పాను.
పెళ్ళయి తొమ్మిదేళ్ళకు మొదటిసారి చెప్పాను.
కలిపిన ముద్ద అట్టాగే పళ్ళెంలో పెట్టి
చెయ్యి కడుక్కున్నాడు.

గురువారం కొంగున పసుపు బియ్యం కట్టుకుని
అత్త ముందు నడిచింది.
నా సంచిలో సుత్తి, మరమేకులు,
ఇనప సామాన్ల కొట్లో కొన్న అరవై రూపాయల గడియ,
జోషిత భుజమెత్తుకు కొలిచి తెంపిన దారం.
సలోమి టీచరు రిజిస్టర్లో పేరు రాసుకుంటా ఉంటే
నేను, మా ఆయన వెనక్కి పోయాం.
కొయ్య గట్టిది, మేకు రెండుసార్లు వంగింది.
బిగించేసరికి పదకొండు దాటింది.
మంచి గడియ కాస్తా పోయిందని
అత్త గొణుగుతానే ఉంది.

వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు.
లోపల్నుంచి జోషిత టక్కున వేసింది.
తీసింది.
మళ్ళీ వేసింది.