మడత గేటు

రాయపేట సందులో, రెండో అంతస్తులో
మా లిఫ్టు కంపెనీ. మాకు లిఫ్టు లేదు.
ఈ మాట ఫోన్లో ఎవరికీ చెప్పొద్దంటుంది ఇందుమతి మేడం.

నూట పద్నాలుగు లిఫ్టుల్ని
నోట్సు యాప్‌లో ఒక పట్టికలోకి ఎక్కించడం నా పని.
వరసకో లిఫ్టు. పేటకో గడి, పుట్టిన ఏడుకో గడి,
ఆఖరుసారి నూనె పెట్టిన తేదీకో గడి.
వరస తెరిస్తే లోపల త్రికోణాలు.
నొక్కితే ముక్కు కిందికి తిప్పి విప్పుకుంటాయి,
మళ్ళీ నొక్కితే తిన్నాక ఆకు మడిచినట్టు మడుచుకుంటాయి.
బ్రేకు. తలుపు. తాడు. కరెంటు పోతే.
ఒక్కోదాని కడుపులో మరో మూడు.
ఎంత నీటుగా ఉందో, నాకే ముద్దొచ్చింది.

చెప్పాల్సినవాడు ధనకోటి.
ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టు గుంతల్లో వేలాడి
మోకాళ్ళు అరిగాక నా ఎదుట ప్లాస్టిక్ కుర్చీలోకి దిగినవాడు.
"ఎనభై రెండో నంబరు, మన్నడి. బ్రేకు ఎలా ఉంటుంది?"
"వానాకాలం గొణుగుతాదమ్మే.
గొణిగితే పోనీ. ఊరకుంటే చూడాల."

'స్థితి' గడిలో మూడే మాటలు పడతాయి:
బాగుంది, బాగాలేదు, చూడాలి.
'గొణుగుతుంది' అని నాలుగోది చేర్చాను.
లేత ఊదా రంగు పూసింది యాప్, తనంతట తనే.

బ్రేకు అడిగితే వాచ్‌మన్ దగ్గర మొదలెడతాడు.
వాచ్‌మన్ నుంచి వాడి మేనకోడలు,
ఆ పిల్ల పెంచిన పావురం,
పావురం గుడ్లు పెట్టిన మిద్దె మీది మోటారు గది,
చీకట్లో తడుముకోకుండా పిల్ల కట్టిన జడ రిబ్బను...
"ఇంకేముండాది, తాడు మార్చినాం."
నేను తాడు ఉంచి కథ తీసేశాను.
తీశాక మనసొప్పలేదు.
అట్టడుగున 'ఇతరాలు' అని ఒక త్రికోణం పెట్టి
అంతా దాంట్లో కుక్కి మూసేశాను.

ఓనాడు నా భుజం మీదుగా తెరలోకి చూశాడు.
"ఇది మన పాత లిఫ్టు గేటే కదమ్మే.
కత్తెర మడతల ఇనప గేటు.
మడిస్తే చోటు మిగుల్తాది, నిజమే."
కుడిచెయ్యి టేబుల్ మీద పెట్టాడు.
చూపుడు వేలికి గోరు లేదు.
ఏ లిఫ్టో అడిగాను, రాసుకుందామని.
"అదెందుకులే" అన్నాడు.

డిసెంబరులో తుపాను అన్నారు. మేడం అంది:
కరెంటు పోయినా కాగితం ఉంటుంది, అచ్చు తీయి.
రెండొందల పేజీలు అనుకున్నాను. పంతొమ్మిది వచ్చాయి.
పొదుపని మురిసి బైండు కూడా చేయించాను.

వాన మూడో రోజు.
మన్నడిలో ఎనభై రెండు ఆగిపోయింది,
రెండో అంతస్తుకీ మూడోదానికీ నడుమ,
లోపల పాల ప్యాకెట్ల కుర్రాడు.
నడుంలోతు నీళ్ళు దాటి ఇర్ఫాన్ మిద్దె ఎక్కాడు.
ఫోన్‌లో ఒక్క గీత చార్జి.
"చప్పుడే లేదక్కా. 'కరెంటు పోతే' తీసి చదువు."

కొవ్వొత్తి దగ్గరికి జరిపి తీశాను.

▸ బ్రేకు
▸ తలుపు
▸ తాడు
▸ కరెంటు పోతే
▸ ఇతరాలు

మూసినవి మూసినట్టే అచ్చయ్యాయి.
కాగితం మీది త్రికోణాన్ని వేలితో నొక్కాను.
నిజంగానే నొక్కాను.

"అక్కా?"
"పావురం..." అన్నాను.
"ఏంటి?"
"పావురం గూడు ఎక్కడుందో చూడు. కప్పీ పక్కన.
దాని ఎడంవైపు ఒక లివరుకి రిబ్బను ఉంటుంది.
ఎరుపో కాదో, ఇప్పటికి మాసిపోయుంటుంది.
దాన్ని ఎత్తి పట్టి, చక్రం మెల్లగా తిప్పు."

ఎంతసేపో వాన చప్పుడు తప్ప ఏం లేదు.
తర్వాత ఎక్కడో లోతునుంచి, ముసలి గొంతులాంటి ఇనుము.
"గొణుగుతోందక్కా" అన్నాడు. ఫోను చచ్చిపోయింది.

ఇప్పుడు 'ఇతరాలు' అన్నిటికన్నా పైన ఉంది, తెరిచే.
చూడ్డానికి బాగోలేదని మేడం మూస్తుంది.
ఆవిడ టీకి వెళ్ళగానే నేను తెరుస్తాను.