మూత గుడ్డ

మా అమ్మ ఇల్లు వేరు, మా నాన్న ఇల్లు వేరు.
తగువుపడి కాదు.
టెషీలో అప్పట్లో కాపురమంటే అదే:
ఆడవాళ్ల వాకిట్లో ఆడవాళ్లు,
మగవాళ్ల వాకిట్లో మగవాళ్లు,
మధ్యన ఇసుక సందు,
ఆ సందులో పొద్దుగూకే వేళ
నెత్తిన గిన్నెతో నేను.

ఏడేళ్లదాన్ని.
గిన్నె మీద నీలం గుడ్డ,
గుడ్డ కింద పులిసిన మొక్కజొన్న కెంకే ముద్దలు,
మిరప నూరుడు, చేపల పులుసు.
"పరుగెత్తకు, ఒలికిందంటే
నేనే తక్కువ పోశాననుకుంటాడు" అనేది అమ్మ.

చేప తల వస్తే నాన్న ఈల వేసేవాడు.
తోక వస్తే తల దించుకుని తినేవాడు.
ఒకసారి పులుసులో ఉప్పే వెయ్యలేదు అమ్మ.
ఎదురు వాకిలి వితంతువు దగ్గర
పడవకి తాడు కొన్నాడట, రెండుసార్లు.
మూడు రోజులు చప్పిడి.
నాలుగోనాడు ఖాళీ గిన్నె అడుగున
రేపటి ఖర్చు నాణేలతో పాటు ఒక పొట్లం,
విప్పితే ఉప్పు.
ఆ పూట అమ్మ పొయ్యి ఊదుతూ
పొగలోకి నవ్వుకుంది.

తెల్లారితే ఒడ్డున ఇద్దరూ పరాయివాళ్లే.
"ఈ బుట్టకి అంతా?" అని నడుం మీద చెయ్యేసి
మొగుడితోనే గీచి గీచి బేరమాడేది.
ఆ చేపనే పొగబెట్టి అమ్మి
లాభం నడుం గుడ్డ మడతలో దోపుకుని,
అందులోదే ఒకటి రాత్రికి ఆయనకే పంపేది.
ఎవరి చెయ్యి పైనో ఎవరిది కిందో
ఇప్పటికీ నన్నడిగితే చెప్పలేను.

ఇప్పుడు దూరాన రాత్రంతా దీపాల ఓడలు.
ఒకప్పుడు మంగళవారమే సముద్రానికి సెలవు.
ఇప్పుడు వారమంతా మంగళవారమే.
ఒడార్టే పడవ మానేసి వెల్డింగ్ చేస్తాడు,
కరెంటూ పనీ రెండూ ఉన్న రోజున.
నేను పసుపు డబ్బా కొట్టులో కూర్చుని
ఫోన్లలో జనం డబ్బు అటూ ఇటూ పంపుతాను.
మాది ఒకే గది. అద్దె నాది, ఫ్యాను అతనిది.
ఒకే మంచం, ఒకే తలుపు.

వాళ్ల పెదనాన్న వచ్చి గడపలోనే నిలబడి
"పొయ్యి కనబడే చోట మగాడు తింటాడట్రా" అన్నాడు.
ఆ పూట పులుసు కాచింది ఒడార్టే.
నేను చెప్పలేదు, అతని పరువు.
అతనూ చెప్పలేదు.
దానికే నాకు మండింది.

ప్రేమించి చేసుకున్నాం.
పిల్లలకి ఎవరి పేరు పెట్టాలో కూడా అనుకున్నాం.
ఒకే గదిలో అలగడమెలాగో ఎవరూ నేర్పలేదు.
అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే అతను.
ఉప్పు మానేద్దామంటే
అదే పులుసు నేనూ తినాలి.

మూడో రాత్రి
పెళ్లినాడు అమ్మ ఇచ్చిన నీలం గుడ్డ తీశాను.
గిన్నె సర్ది, కప్పి, నెత్తికెత్తుకుని
బయటికి నడిచాను.
కుళాయి దాటి, మేకల దొడ్డి చుట్టి,
కుట్టుమిషను ఆపి అఫీలే ఆశ్చర్యంగా చూస్తుంటే
సందంతా ఒక చుట్టు తిరిగొచ్చి
నా తలుపే నేను తట్టాను.

చాలాసేపు తియ్యలేదు.
తీసి, నన్ను కాదు, గిన్నెను చూశాడు.
"ఎవరు పంపారమ్మా?"

నాన్న రోజూ అలాగే అడిగేవాడు, తెలిసీ.
ఆ సంగతి ఇతనికెప్పుడు చెప్పానో గుర్తు లేదు.

"ఆవిడే."
"తల పెట్టిందా, తోకా?"
"తీసి చూసుకో."

నడిమి ముక్క పెట్టాను.
అతను మంచం మీద, నేను బయట బల్ల మీద.
తలుపు తెరిచే ఉంది.
ముల్లు ఏరుతున్న చప్పుడు వింటూ కూచున్నాను.

పొద్దున గిన్నె గడపలో ఉంది.
అడుగున నాణేలు లేవు, ఉంటేగా.
కడిగి పెట్టాడు.
అంచు కింద వేలు పోనిస్తే సబ్బు జారుతోంది,
మళ్లీ కడగాలి.
గుడ్డ మాత్రం బాగానే పిండి
సందు మొగలో తీగ మీద ఆరేశాడు,
వాళ్ల పెదనాన్న చర్చికి వెళ్లే దారిలో.